నకళ్లలో మిగిలిపోయిన తప్పు

సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చేనాటికి మా కోయిలకుంట్ల కూడా ఆ జిల్లాలోనే ఉండేది. తర్వాతి ఏళ్లలో ఆయన కడపలో సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, ఊరూరి నుంచి రాతప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి పాఠాలు సరిచేయించాడు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. అంత శ్రమ ఎందుకంటే, లేఖకుడి చేయి ఒకచోట తప్పితే ఆ ప్రతిని చూసి రాసిన ప్రతులన్నిటికీ ఆ తప్పు పాకుతుంది. దిద్దుబాటు అట్లా పాకదు. కడపలో సరిచేసిన పాఠం, ఎక్కడో అటక మీదున్న తాటాకు కట్టలోకి తనంతట తాను పోయి చేరదు.

నా వృత్తి సాఫ్ట్‌వేర్. కొత్త కోడు రాయడం కన్నా, ప్రోగ్రాముల అడుగున పడివున్న పాత లైబ్రరీలను వెతికి మార్చడంలోనే నాకు ఎక్కువ రోజులు గడుస్తాయి. అందుకే బ్రౌన్ పండితుల పని నాకు పరాయిగా అనిపించదు.

మీరిప్పుడు చదువుతున్న ఈ తెలుగు అక్షరాన్నే తీసుకోండి. 'స్త్రీ' అని రాస్తే త వత్తు, ర వత్తు ఎక్కడ పడాలో తేల్చే పని ఆండ్రాయిడ్ ఫోన్లలో హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. ఆ ఆకారాన్ని చుక్కలుగా తెరమీద గీసే పని ఫ్రీటైప్‌ది. రెండూ ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోగల ఓపెన్ సోర్స్ లైబ్రరీలు. ఫ్రీటైప్‌ను 1996లో డేవిడ్ టర్నర్ మొదలుపెట్టాడు. వెర్నర్ లెంబర్గ్ ఏళ్ల తరబడి దాన్ని కనిపెట్టుకుని ఉన్నాడు. హార్ఫ్‌బజ్ పుట్టుక ఇంకా ఆసక్తికరం. ఫ్రీటైప్‌లోని కొంత కోడును పాంగో, క్యూటీ అనే రెండు ప్రాజెక్టులు చెరొక నకలు తీసుకున్నాయి. ఒకదాంట్లో దిద్దింది ఇంకోదాంట్లోకి పోలేదు, పాఠాలు వేరుపడ్డాయి. వాటిని మళ్లీ ఒకచోట చేర్చే ప్రయత్నంలోంచి హార్ఫ్‌బజ్ వచ్చింది. ఓపెన్‌టైప్ అన్న మాటకు పారసీకం ఆ పేరు. 'హర్ఫ్' అంటే అక్షరమని కర్నూలు వీధుల్లో దక్కనీ మాట్లాడేవాళ్లకు వేరే చెప్పాల్సిన పనిలేదు.

అక్షరం గీయడంలో ప్రమాదమేముంది? 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు వాడేవాళ్లను అడిగితే తెలుస్తుంది. జ, పొల్లు, ఞ, కంటికి కనపడని ఒక విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరసలో వచ్చిన తెలుగు మెసేజీ తెరిస్తే చాలు, ఆప్ కూలిపోయేది. ఆ కనపడని గుర్తు మనకు కొత్తదేం కాదు, 'సాఫ్ట్‌వేర్' అని వత్తు పడకుండా రాయాలంటే ట్ పక్కన అది పెట్టాల్సిందే. ప్రపంచమంతా 'తెలుగు బాంబు' అని నవ్వుకుంది. తప్పు మాత్రం తెలుగుది కాదు, యాపిల్ సొంత కోడుది. ఫిబ్రవరి 19న ఆ సంస్థ 11.2.6 వెర్షన్‌తో సరిచేసింది. అందరికీ కనపడిన తప్పు, ఒకే యజమాని చేతిలో ఉన్న కోడు. కథ తొందరగా ముగిసింది.

అసలు భయపడాల్సింది చప్పుడు చేయని తప్పు గురించి. 2025 మార్చిలో మెటా సంస్థ ఫ్రీటైప్‌లోని ఒక లోపాన్ని బయటపెట్టింది. దాని నంబరు సీవీఈ-2025-27363. కొన్ని రకాల ఫాంట్లను చదివేటప్పుడు ఒక లెక్క తిరగబడి, కావాల్సినదానికన్నా తక్కువ మెమరీ కేటాయిస్తుంది. అరమూట సంచిలో మూటెడు శనగలు పోసినట్టు, మిగిలినవి పక్కన పడతాయి. అక్కడ ఏం పడాలో ముందే ఆలోచించి ఫాంటు తయారుచేసినవాడికి ఫోను చిక్కవచ్చు. ఈ లోపాన్ని అప్పటికే దాడుల్లో వాడి ఉండవచ్చని మెటా హెచ్చరించింది.

చరిత్రగా చూస్తే ముఖ్యమైన సంగతి తేదీల్లో ఉంది. ఆ లోపం 2.13.0 దాకా ఉన్న వెర్షన్లది. 2.13.1 విడుదలైంది 2023లో. అంటే శుద్ధప్రతి దాదాపు రెండేళ్ల ముందునుంచే అందుబాటులో ఉంది! ఆండ్రాయిడ్‌కు దిద్దుబాటు 2025 మే నెలలో వచ్చింది. ఇదేం వింత కాదు. అమెరికాలో ఈక్విఫాక్స్ వాడిన అపాచీ స్ట్రట్స్‌కు 2017 మార్చిలోనే మరమ్మతు వచ్చింది. దొంగలు దూరింది మే నెలలో. 14 కోట్లకు పైగా జనాల వివరాలు పోయాయి. ఓపెన్ సోర్స్ అంటేనే భద్రత ఉండదని కొందరు ఇట్లాంటివి చూసి తీర్పులిస్తారు. తప్పును దిద్దినవాళ్లు తమ పని చేశారు. నకలు తెచ్చుకుని, ఎక్కడినుంచి తెచ్చామో మరిచినవాళ్ల దగ్గరే గొలుసు తెగింది.

దీనికి మందు పాతదే. తాళపత్రం చివర లేఖకుడు తన పేరు, ఊరు, తిథి రాసేవాడు. ఏ ప్రతి ఎక్కడిదో దాన్నిబట్టి తెలిసేది. ప్రతి ప్రోగ్రాముకూ లోపల ఏ లైబ్రరీ ఏ వెర్షన్‌దో చెప్పే పట్టీ ఉండాలని ఇప్పుడు ప్రభుత్వాలు అంటున్నాయి. అమెరికా 2021లో ఆ దారి పట్టింది. మన సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది.

పట్టీ ఉంటే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది, మందు చేరుతుందన్న హామీ లేదు. మా వైపు కొడుకు కొత్త ఫోను కొంటే పాతది నాయనకు వస్తుంది. అప్పటికే కంపెనీ దానికి అప్‌డేట్లు ఆపేసి ఉంటుంది. శనగలు అమ్మిన డబ్బు పడిందని మెసేజీ వచ్చేది ఆ ఫోనుకే, యూపీఐ పిన్ను కొట్టేదీ దాంట్లోనే. అక్షరాలు చక్కగా కనిపిస్తాయి, వత్తులు సరిగ్గానే పడతాయి. దిద్దుబాటు ఎప్పుడో వచ్చేసింది, ఆ ఫోనుదాకా రాలేదు.