చెన్నై నగరం - వాన నీటి చట్టం

నగరానికి నీరు తేవడం వేరు, నగరంలో కురిసిన నీటిని నిలుపుకోవడం వేరు. ప్రభుత్వాలు మొదటిదానికే ఎందుకు మొగ్గు చూపుతాయి? చెన్నై చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం.

చెన్నైకి జీవనది లేదు. పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు ప్రధానంగా ఈశాన్య ఋతుపవనాలపైనే ఆధారపడతాయి. కృష్ణా జలాల కోసం 1983లో ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వాల మధ్య తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. ఆ నీరు పూండికి చేరేసరికి 1996 వచ్చింది. అయినా కాలువకు ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. ఇంటి పక్కన తవ్విన ఇంకుడు గుంతకు అవి ఉండవు. మొదటి అవరోధం ఇదే.

2003లో తీవ్రమైన కరువు వచ్చింది. జయలలిత ప్రభుత్వం పాత, కొత్త భవనాలన్నింటికీ వాన నీటి సేకరణను తప్పనిసరి చేసింది. గడువులోగా ఏర్పాటు చేయకపోతే నీటి కనెక్షన్ తొలగిస్తామని హెచ్చరించింది. తరువాతి సంవత్సరాల్లో భూగర్భ జలమట్టం పెరిగింది. 2005లో కురిసిన భారీ వర్షాలు కూడా ఇందుకు తోడ్పడ్డాయి.

అయితే గుంత తవ్వించడం ఒక్కనాటి పని, పూడిక తీయించడం ఏటేటా చేయవలసిన పని. వానలు బాగా కురిస్తే తనిఖీలు సడలుతాయి. ఓటు వేసే ప్రతి ఇంటికీ జరిమానా విధించడానికి ఏ పార్టీ సిద్ధపడుతుంది? ఇది రెండవ అవరోధం.

మూడవది ఆస్తి హక్కు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం భూమి యజమాని తన నేలకింది నీటిని తోడుకోవచ్చు. దీన్ని నియంత్రించేందుకు 2003లోనే తమిళనాడు భూగర్భ జల చట్టం చేసింది. అది అమలులోకి రాకుండానే 2013లో రద్దయింది. మరోవైపు వాన నీటిని పట్టి ఉంచే పళ్ళికరణై చిత్తడి నేల కట్టడాలతో, చెత్త దిబ్బలతో కుంచించుకుపోయింది.

ఫలితం గమనించండి. 2015 డిసెంబరులో వరదలో మునిగిన నగరమే, 2019 జూలైలో జోలార్‌పేట నుంచి రైలులో నీరు తెప్పించుకుంది.

చట్టం చేయడం అసాధ్యం కాదని 2003 రుజువు చేసింది. కరువు తీరిన తరువాత కూడా దాన్ని నిలబెట్టడమే కష్టం. మీ కళాశాలలో ఇంకుడు గుంత ఉన్నదా? చివరిసారి పూడిక ఎప్పుడు తీశారు? ఆ బాధ్యత ఎవరిది? అడిగి తెలుసుకోండి.