ఒకే డిస్కులో రెండో వాటా

విండోస్ పక్కనే లైనక్స్ పెట్టుకునే సౌకర్యానికి పునాది వేసింది లైనక్స్ కాదు, ఐబీఎం. 1983లో హార్డ్‌డిస్కుతో పీసీ ఎక్స్‌టీ వచ్చినప్పుడు, డాస్ 2.0 డిస్కు మొదటి సెక్టారులో, డిస్కును పార్టిషన్లుగా (వాటాలుగా) పంచే ఓ చిన్న పట్టికకు చోటిచ్చింది. 512 బైట్లలో దానికి దక్కినవి 64. అందుకే పార్టిషన్లు నాలుగే. డాస్ కాని సిస్టమ్ కూడా వాటిలో ఒకదాన్ని తీసుకోవచ్చు.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ తన లైనక్స్ కెర్నల్ రాసింది మినిక్స్ అనే మరో సిస్టమ్ ఉన్న పీసీలోనే. ఓసారి మోడెమ్‌కు పోవాల్సిన ఆదేశం డిస్కుకు పోయి ఆయన మినిక్స్ పార్టిషన్ పాడైంది. పార్టిషన్ పోగొట్టుకున్న కొత్తవాళ్లు మరీ సిగ్గుపడక్కర్లేదన్నమాట!

ఆ తర్వాత కథంతా అద్దెకు దిగినవాడి అవస్థే. ఖాళీ చేయించుకోవడం, తలుపు ఎటు తెరుచుకోవాలో చూసుకోవడం, అన్నీ వాడి పనులే. తొంభైలలో డాస్ పార్టిషన్ కుదించడానికి ఫిప్స్ అనే సాధనం వాడేవారు. దానికి ముందు డీఫ్రాగ్ చేసి ఫైళ్లన్నీ డిస్కు మొదట్లోకి నెట్టాల్సి వచ్చేది. ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్‌ను కుదించే ఉచిత సాధనాలు 2000 దాటాక గానీ రాలేదు.

బూట్ సంగతి ఇంకా చిక్కు. 1992లో వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ రాసిన లిలో అనే బూట్‌లోడర్, కెర్నల్ డిస్కులో ఏయే బ్లాకుల్లో ఉందో గుర్తుపెట్టుకునేది. కెర్నల్ మార్చిన ప్రతిసారీ లిలోను మళ్లీ నడపాల్సి వచ్చేది, మరిస్తే మెషీన్ లేచేది కాదు. 1995లో ఎరిక్ బోలిన్, గ్నూ హర్డ్ అనే సిస్టమ్ కోసం మొదలుపెట్టిన గ్రబ్, ఫైల్‌సిస్టమ్‌ను తానే చదువుకుంటుంది. నా లెక్కలో డ్యూయల్ బూట్‌ను (ఒకే మెషీన్‌లో రెండు సిస్టమ్‌లు నడపడాన్ని) మామూలు మనిషికి అందించింది ఇదే. అయినా విండోస్ మళ్లీ వేస్తే మొదటి సెక్టారును అడగకుండా తిరగరాసేది. "ముందు విండోస్, తర్వాత లైనక్స్" అన్న నియమం అలా పుట్టింది. 2008లో ఉబుంటు అందించిన వుబి, పార్టిషన్ జోలికే పోకుండా విండోస్‌లో ఒక ఫైలుగా లైనక్స్‌ను దించింది. ఎక్కువ కాలం నిలవలేదు.

పాత బయోస్ స్థానంలో యూఈఎఫ్‌ఐ వచ్చాక ఒక్కో సిస్టమ్‌కు వేరే బూట్ ఫైలు దొరికింది, తిరగరాత గొడవ తగ్గింది. కానీ 2012లో విండోస్ 8తో, నమ్మదగిన సంతకం లేనిదాన్ని బూట్ కానివ్వని సెక్యూర్ బూట్ వచ్చి, మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న చిన్న ప్రోగ్రామ్ 'షిమ్' ద్వారానే చాలా లైనక్స్‌లు లోపలికి రావాల్సి వచ్చింది. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ వల్ల కొన్ని డ్యూయల్ బూట్ మెషీన్లలో లైనక్స్ లేవడం మానేసింది. డ్యూయల్ బూట్ ఉన్నచోట ఆ అప్‌డేట్ వర్తించదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. తీరా డ్యూయల్ బూట్‌ను గుర్తించడంలో అది కొన్నిచోట్ల తప్పింది.

మీరు ఈ పనికి దిగేముందు డేటా కాపీ చేసుకోండి. విండోస్ డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే, దాని రికవరీ కీని ఆ కంప్యూటర్‌లో కాక వేరేచోట రాసిపెట్టుకోండి.