ద్వీపాంతరవాసం, కారాగారవాసం: మౌల్వీ అల్లావుద్దీన్ అండమాన్ శిక్ష - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కుటుంబంతో కలిసి అండమాన్ యాత్రకు వెళ్ళినప్పుడు సెల్యులర్ జైలు ప్రాంగణంలో మా నాన్నగారు అడిగిన ఒక ప్రశ్న ఈ వ్యాసానికి ప్రేరణ. "మన కోఠీ మౌల్వీని ఏ గదిల ఉంచిండ్రు?" అని ఆయన అడిగారు. 1857 జూలై 17న హైదరాబాదులోని బ్రిటిష్ రెసిడెన్సీపై జరిగిన దాడికి నాయకత్వం వహించిన వారిలో మౌల్వీ అల్లావుద్దీన్ ఒకరు. ఆయన సెల్యులర్ జైలుకు తొలి ఖైదీ అనే మాట మన వ్యాసాల్లో, సభల్లో తరచుగా వినిపిస్తుంది. నాన్నగారు ఆ మాటను నమ్మి ఆయన గదిని వెతికారు. అటువంటి గది అక్కడ లేదు, ఉండే అవకాశమూ లేదు. అల్లావుద్దీన్ అండమాన్‌కు చేరింది 1859లో. సెల్యులర్ జైలు నిర్మాణం మొదలైంది 1896లో, పూర్తయింది 1906లో. ఈ కాలవ్యత్యాసాన్ని చూపడం సులభమే. అయితే పొరపాటు ఎందుకు పుట్టింది, దాని వల్ల మనం ఏమి కోల్పోతున్నాం అనేవి పరిశీలించవలసిన అంశాలు. ఆ పరిశీలనే ఈ వ్యాస లక్ష్యం.

రెసిడెన్సీపై దాడి, ఇద్దరు నాయకులు

ఎల్.బి.నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్ మీదుగా నగరంలోకి వచ్చే దారి కోఠీకి చేరుతుంది. అక్కడి పూర్వపు మహిళా కళాశాల ప్రాంగణంలో ఉన్న స్తంభాల భవనమే నాటి రెసిడెన్సీ. 1857 వేసవిలో ఉత్తర భారతంలో సిపాయిల తిరుగుబాటు సాగుతున్నప్పుడు నిజాం అఫ్జలుద్దౌలా, దివాను మొదటి సాలార్‌జంగ్ బ్రిటిష్ వారి పక్షాన నిలిచారు. నిజాం రాజ్యంలోని కంపెనీ అధీన సైన్యాన్ని విడిచి నగరానికి వచ్చిన జమేదార్ చీదాఖాన్‌ను బంధించి రెసిడెన్సీకి అప్పగించారు. ఆయన విడుదల కోరుతూ రోహిల్లాలు, నగరవాసులు కొన్ని వందల మంది రెసిడెన్సీపై దాడి చేశారు. వారికి తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకులు. రెసిడెన్సీ పక్క ఇళ్ళను ఆక్రమించి కాల్పులు జరిపినా ఫిరంగుల ముందు వారు నిలువలేకపోయారు. మరునాటికి దాడి ముగిసింది.

తరువాత ఇద్దరి జీవితాలు వేరు దారులు పట్టాయి. తుర్రేబాజ్‌ఖాన్‌ను పట్టుకుని ద్వీపాంతరవాస శిక్ష విధించారు. కాని ఓడ ఎక్కించకముందే 1859 జనవరిలో ఆయన నిర్బంధం నుంచి తప్పించుకున్నాడు. కొద్ది రోజులకే తూప్రాన్ వద్ద కాల్చి చంపారు. అల్లావుద్దీన్ బెంగళూరు వైపు వెళ్ళి, తరువాత పట్టుబడ్డారు. ఆయనకూ యావజ్జీవ ద్వీపాంతరవాసమే పడింది. 1859లో అండమాన్‌కు పంపారు. ఆయన తిరిగి రాలేదు.

తుర్రేబాజ్‌ఖాన్ పేరిట కోఠీలో రహదారి ఉంది, స్మారకం ఉంది. తెలంగాణలో తలబిరుసు మనిషిని ఉద్దేశించి "పెద్ద తుర్రంఖానా?" అంటారు. ఆ మాట ఆయన పేరు నుంచే వచ్చిందని జనవ్యుత్పత్తి. భాషాశాస్త్ర దృష్టితో అది నిరూపితమైన వ్యుత్పత్తి కాదు. అయినా ఆ వ్యుత్పత్తిని నమ్మే జనం ఉండటమే ఒక స్మృతి. అల్లావుద్దీన్‌కు ఇటువంటి నుడికారం ఏదీ దక్కలేదు. ఊరిలో చచ్చిన వాడి కథ ఊరిలో మిగిలింది, సముద్రం దాటిన వాడి కథ సముద్రం దాటిపోయింది. ఆ ఖాళీని పూరించడానికే సెల్యులర్ జైలు గది కల్పితమైందని నా భావన.

1859 నాటి అండమాన్

అల్లావుద్దీన్ చూసిన అండమాన్‌లో ఆ జైలు లేదు. 1858 మార్చిలో డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్‌బ్లేయర్ రేవుకు చేరాడు. మొదట దిగిన చాథం దీవిలో మంచినీటి కొరత ఉండటంతో రాస్ దీవిని కేంద్రంగా చేసుకున్నాడు. అక్కడ అప్పటికి ఉన్నది దట్టమైన అడవి. దాన్ని ఖైదీలే నరికారు, దారులు వేశారు, తాము ఉండే పాకలను తామే కట్టుకున్నారు. గోడ లేకపోయినా చుట్టూ సముద్రం ఉంది, అడవిలో తమ నేలను కాపాడుకునే ఆదివాసులు ఉన్నారు. తొలి నెలల్లోనే పారిపోయి దొరికిపోయిన వారిలో 80 మందికి పైగా ఖైదీలను వాకర్ ఒకే రోజు ఉరితీయించాడు. జ్వరాలతో, గాయాలతో మరణించిన వారు వేరు. అనంతరం వైపర్ దీవిలో కఠిన శిక్షలకు జైలు, ఉరికంబం ఏర్పడ్డాయి. 1872లో వైస్రాయ్ లార్డ్ మేయోను హత్య చేసిన షేర్ అలీని ఉరితీసింది ఆ దీవిలోనే.

ఈ వ్యవస్థకు మరొక ముఖం కూడా ఉంది. ఖైదీలను తరగతులుగా విభజించేవారు. ఏళ్ళ తరబడి సత్ప్రవర్తన చూపిన వారిని స్వయంపోషకులుగా గుర్తించి భూమి ఇచ్చి సాగు చేసుకోనిచ్చేవారు, పెళ్ళికి అనుమతించేవారు. వారి సంతానమే ఇప్పటి అండమాన్ సమాజంలో 'స్థానికజనులు'గా పేరొందిన వర్గం. అంటే ద్వీపాంతరవాసం గదిలో బంధించే శిక్ష కాదు. మనిషిని ఊరి నుంచి, భాష నుంచి, బంధువుల నుంచి తెంచివేసి, అతని శ్రమతో మరొక చోట వలసను నిర్మించే శిక్ష.

జైలు ఎందుకు వచ్చింది?

1890లో లయాల్, లెత్‌బ్రిడ్జ్ అనే ఇద్దరు అధికారులు ఈ స్థావరాన్ని పరిశీలించారు. అండమాన్ అంటే ఖైదీలకు భయం తగ్గిపోయిందని, దేశంలోని జైళ్ళ కన్నా దానినే మేలని భావిస్తున్నారని వారు తేల్చారు. వచ్చిన ప్రతి ఖైదీని మొదట కొంతకాలం ఒంటరి గదిలో ఉంచాలని సూచించారు. ఆ సూచన ఫలితమే సెల్యులర్ జైలు. బర్మా నుంచి తెచ్చిన ఇటుకలతో, ఖైదీల చేతులతోనే దాన్ని కట్టించారు. మధ్యలో బురుజు, దాని నుంచి ఏడు దిక్కులకు మూడంతస్తుల కట్టడాలు, వాటిలో 690కి పైగా గదులు. ఒక వరుస గదుల ముఖం పక్క వరుస వీపు వైపు ఉంటుంది కనుక ఖైదీ మరొక ఖైదీ ముఖం చూడలేడు. 1909 నుంచి రాజకీయ ఖైదీలను ఇక్కడికి తేవడంతో జైలుకు దేశవ్యాప్తమైన పేరు వచ్చింది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర వంటి మన్యం వీరులు అండమాన్ శిక్ష అనుభవించింది ఈ దశలోనే. మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

కనుక మల్లుదొర అండమాన్, అల్లావుద్దీన్ అండమాన్ ఒకటి కావు. మొదటిది గోడల మధ్య ఏకాంతం. రెండవది గోడలు లేని నిర్వాసం. ఒకటి రెండవదాని వైఫల్యం నుంచి పుట్టింది. అల్లావుద్దీన్‌ను జైలు గదిలో చేర్చినప్పుడు ఈ చరిత్ర క్రమం మొత్తం చెరిగిపోతుంది.

పదం మారితే చరిత్ర మారుతుంది

ఈ చెరిపివేతలో భాషకూ పాత్ర ఉంది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని దేశబహిష్కార శిక్షను తెలుగు న్యాయ పరిభాష 'ద్వీపాంతరవాసం' అన్నది. జనం 'కాలాపానీ' అన్నారు. 1955 నాటి సవరణ చట్టం ఆ శిక్ష స్థానంలో యావజ్జీవ కారాగారవాసాన్ని ఉంచింది. 1956 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. దీంతో 'ద్వీపాంతరవాసం' వ్యవహారం నుంచి తప్పుకుంది. నేటి పాఠకుడు పాత వాక్యంలో ఆ పదం కనపడగానే తనకు తెలిసిన 'కారాగారవాసం' అర్థాన్నే దానికి ఇస్తాడు. అండమాన్‌లో కారాగారమంటే అతనికి తెలిసింది ఒక్కటే. కనుక అల్లావుద్దీన్‌ను అందులో చేర్చడం అతనికి సహజంగానే తోస్తుంది.

కట్టడాలూ ఈ భ్రమను బలపరుస్తున్నాయి. 1941 భూకంపం, ఆపైన జపాన్ ఆక్రమణ తరువాత రాస్ దీవి భవనాలు మర్రివేళ్ళ పాలయ్యాయి. సెల్యులర్ జైలులో మిగిలిన మూడు కట్టడాలను 1979 ఫిబ్రవరి 11న జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఆ ద్వీపాల మరొక చిహ్నం రేవుకు అవతల ఉన్న నార్త్ బే దీపస్తంభం. దానిని పాత 20 రూపాయల నోటుపై కొండ, కొబ్బరిచెట్ల మధ్య మనమందరం చూసే ఉంటాం. దీపస్తంభం యాత్రికుడికి అందాన్ని, జైలు త్యాగాన్ని చూపుతాయి. ఈ రెండింటి నడుమ ఉన్న నేల, అంటే ఖైదీలు నరికిన అడవి, వేసిన దారి, పూడ్చిన చిత్తడి, ఏ ఫలకమూ లేకుండా మిగిలింది. 1859 నాటి ఖైదీ స్మారకం నిజానికి ఆ నేలే.

ముగింపు

అల్లావుద్దీన్ సెల్యులర్ జైలు ఖైదీ కారని చెప్పడం ఆయన త్యాగాన్ని తగ్గించడం కాదు. జైలు ఉంటేనే త్యాగం రుజువవుతుందనే ఆలోచనే ఆయనను తగ్గిస్తున్నది. ఆయన పేరును సరైన కాలంలో నిలిపితే హైదరాబాదు 1857 చరిత్రకు, అండమాన్ తొలి స్థావర చరిత్రకు మధ్య తెగిన లంకె కలుస్తుంది. మన పాఠ్యపుస్తకాలు, స్మారక ఫలకాలు 'తొలి సెల్యులర్ జైలు ఖైదీ' అనే మాటకు బదులు '1859లో ద్వీపాంతరవాసానికి పంపబడినవారు' అని రాయడం అవసరం. 'ద్వీపాంతరవాసం' అనే పదాన్ని వివరణతో సహా నిలుపుకోవడం తెలుగు శాఖల బాధ్యత కూడా.

యాత్ర చివరి రోజున రాస్ దీవిలో మర్రివేళ్ళు అల్లుకున్న ఒక గోడ దగ్గర నాన్నగారికి ఈ సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే గది కాదు, ఈ జాగనే చూడాలె" అన్నారు. ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నదీ అదే.