ఆర్కేడ్ డ్యాన్స్ ప్యాడ్ ఇంటికి చేరిన చరిత్ర

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ఆర్కేడ్ డ్యాన్స్ ప్యాడ్‌కు, ఇంటి ప్యాడ్‌కు ఉన్న తేడాలను వివరించగలుగుతారు.
- సాంకేతిక చరిత్రలో వాడకందారుల పాత్రను అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

సాంకేతిక చరిత్ర అనగానే మనకు కనిపెట్టినవారి పేర్లు, సంవత్సరాలు గుర్తుకు వస్తాయి. అయితే ఒక వస్తువు తయారీదారు చేయి దాటాక దానికి రెండో చరిత్ర మొదలవుతుంది. వాడేవారు దాన్ని విప్పుతారు, మారుస్తారు, తయారీదారు ఊహించని పనికి వాడుకుంటారు. ఈ చరిత్ర సాధారణంగా గ్రంథాలకెక్కదు. అందుకే ఇక్కడ ఒక ఆట పరికరాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాం. ఆట వస్తువే కదా అని తేలిగ్గా చూడకండి.

2. నేపథ్యం

డబ్బులు వేసి యంత్రాలపై ఆడుకునే ఆటశాలలను ఆర్కేడ్‌లు అంటారు. 1998లో జపాన్‌లోని ఆర్కేడ్‌లలో కొనామి సంస్థ 'డ్యాన్స్ డ్యాన్స్ రివల్యూషన్' అనే ఆటను ప్రవేశపెట్టింది. పాట సాగుతుంటే తెరపై బాణం గుర్తులు కదులుతాయి. ఆటగాడు తాళానికి తగ్గట్టు తన కాళ్ల కింద ఉన్న నాలుగు పలకల్లో సరైనదాన్ని తొక్కాలి.

మరుసటి ఏడాదే, అంటే 1999లో, ఈ ఆట ప్లేస్టేషన్ అనే ఇంటి కన్సోల్‌కు వచ్చింది. ఇంత త్వరగా రావడానికి ఒక కారణం ఉంది. ఆర్కేడ్ యంత్రంలోని 'సిస్టమ్ 573' హార్డ్‌వేర్ ప్లేస్టేషన్ ఆధారంగానే రూపొందింది. కాబట్టి ఆటను ఇంటికి తేవడం సులువే. కాళ్ల కింది వేదికను తేవడమే కష్టం.

కాళ్లతో ఆడించే చాప అప్పటికే ఉంది. బందాయ్ సంస్థ 1986లో 'ఫ్యామిలీ ట్రైనర్' చాపను విడుదల చేసింది. అది 1988లో నింటెండో 'పవర్ ప్యాడ్' పేరుతో అమెరికా ఇళ్లకు చేరింది.

3. రెండు ప్యాడ్‌ల మధ్య తేడా

ఆర్కేడ్ ప్యాడ్ బరువైన లోహపు వేదిక. ఒక్కో పలక కింద నాలుగు అంచుల వెంట ఒత్తిడికి పనిచేసే స్విచ్‌లు ఉంటాయి. పట్టుకోవడానికి వెనుక కమ్మీ ఉంటుంది.

ఇంటి ప్యాడ్ మడతపెట్టే ప్లాస్టిక్ చాప. అందులో విద్యుత్తు ప్రవహించే రెండు పొరలు, వాటి మధ్య రంధ్రాలున్న ఫోమ్ ఉంటాయి. కాలు పడినప్పుడు పొరలు కలిసి సర్క్యూట్ పూర్తవుతుంది. మీ ఇంట్లో పాడైన టీవీ రిమోట్ ఉంటే విప్పి చూడండి, ఇంచుమించు ఇదే సూత్రం కనిపిస్తుంది. ఈ చాప చవక. కానీ జారుతుంది, ముడతలు పడుతుంది, త్వరగా అరిగిపోతుంది.

ఆటగాళ్లు దీనితో సరిపెట్టుకోలేదు. కొందరు చాపను ప్లైవుడ్ పలకకు బిగించారు. కొందరు చెక్క, లోహపు రేకులతో సొంతంగా ప్యాడ్‌లు చేసుకున్నారు. మరికొందరు అసలైన ఆర్కేడ్ ప్యాడ్‌నే సంపాదించి కన్సోల్‌కు కలిపారు.

4. కలిపిన విధానం

తనకు వచ్చిన సంకేతం వేలి నుంచి వచ్చిందో, కాలి నుంచి వచ్చిందో కన్సోల్‌కు తెలియదు. బటన్ నొక్కారా లేదా అన్నదే దానికి కావాలి. ఈ సంగతిని ఆటగాళ్లు ఉపయోగించుకున్నారు. మామూలు కంట్రోలర్‌ను విప్పి, లోపలి సర్క్యూట్ బోర్డుపై ఒక్కో దిక్కు బటన్‌కు చెందిన స్థానం నుంచి తీగలు సోల్డరింగ్ చేసి, వాటిని ఆయా పలకల స్విచ్‌లకు కలిపారు. ఒక పలక కింది నాలుగు స్విచ్‌లను సమాంతరంగా కలపడం వల్ల ఏ అంచున తొక్కినా సంకేతం అందేది.

5. బొటనవేలు, రెండు కాళ్లు

అసలు చిక్కు కంప్యూటర్‌కు కలిపేటప్పుడు వచ్చింది. 2001లో మొదలైన 'స్టెప్‌మేనియా' అనే ఉచిత ప్రోగ్రామ్ వల్ల కంప్యూటర్‌లోనూ ఈ తరహా ఆట సాధ్యమైంది. ప్యాడ్‌ను యూఎస్‌బీ అడాప్టర్‌తో తగిలిస్తే, ఎడమ, కుడి పలకలపైకి ఒకేసారి దూకినప్పుడు చాలా అడాప్టర్లు తడబడేవి.

కారణం గమనించండి. దిక్కుల బటన్ బొటనవేలి కోసం రూపొందింది. ఒక వేలు ఒకే క్షణంలో ఎడమకూ కుడికీ వెళ్లలేదు. ప్లేస్టేషన్ కంట్రోలర్ ప్రతి బటన్ స్థితినీ విడివిడిగా తెలుపుతుంది కాబట్టి అక్కడ ఇబ్బంది రాలేదు. అడాప్టర్ మాత్రం తరచూ 'ఏ దిక్కు?' అనే ప్రశ్నకు ఒకే జవాబు పంపేది. రెండు వ్యతిరేక దిక్కులకు ఆ జవాబులో చోటు లేదు. నాలుగు దిక్కులనూ నాలుగు వేర్వేరు బటన్లుగా చూపే అడాప్టర్లతో ఈ సమస్య తీరింది.

6. సారాంశం

ప్రతి యంత్రంలోనూ మనిషి శరీరం గురించి ఒక ఊహ దాగి ఉంటుంది. కంట్రోలర్ బొటనవేలిని ఊహించింది, ఆటగాళ్లు రెండు కాళ్లతో వచ్చారు. యంత్రం అంతా సవ్యంగా నడిచినంతకాలం ఆ ఊహ కనబడదు. ఎవరో దాన్ని కొత్తగా వాడబోయి విఫలమైనప్పుడే బయటపడుతుంది. చరిత్ర విద్యార్థిగా మీరు కనిపెట్టినవారితో పాటు ఇలా విప్పి చూసినవారినీ లెక్కలోకి తీసుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. డ్యాన్స్ ఆట త్వరగా ఇంటికి చేరడానికి తోడ్పడిన సాంకేతిక కారణం ఏమిటి?
2. ఎడమ, కుడి పలకలను కలిపి తొక్కినప్పుడు అడాప్టర్లు ఎందుకు తడబడ్డాయి?
3. మీ ఇంట్లో లేదా మీ ఊళ్లో వేరే పనికి మార్చి వాడుతున్న ఒక పరికరాన్ని పరిశీలించి, దాని రెండో చరిత్రను ఒక పుటలో రాయండి.