ఏటికొక్క అంకె

మా సీమలో ముసలివాళ్ళు కరువును సంవత్సరం పేరుతోనే గుర్తుపెట్టుకునేవాళ్ళు. 1876–78 నాటి మహా కరువు ఈనాటికీ ధాత కరువే. కోస్తాలో 1832–33ది నందన కరువు. పేరు నిలిచింది, అంకె నిలవలేదు. ఆ వాన అంకెలు రాసే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. వేంపల్లె చుట్టుపక్కల మండల కార్యాలయాల్లో గణాంకాలు చూసి రిటైరయ్యాను.

వాన కొలత ఉదయం ఎనిమిదిన్నరకు. సైమన్స్ రెయిన్‌గేజి గరాటు మూతి ఐదంగుళాల వెడల్పు, నేలకు అడుగు ఎత్తున ఉంటుంది. సీసాలో చేరిన నీళ్ళను గీతలున్న గాజు పాత్రలోకి వంచి, కంటికి ఎదురుగా పట్టుకుని, నీటి వంపు అడుగున ఉన్న గీత చదవాలి. పెద్దవానకు సీసా పొర్లితే బయటి డబ్బాలో చేరినవీ కొలిచి కలపాలి. వాన పడని రోజు సున్నా రాయాలి, ఖాళీ వదలకూడదు. ఖాళీ చూసినవాడికి ఆ రోజు వాన పడలేదో, కొలిచే మనిషి రాలేదో ఎలా తెలుస్తుంది?

మా జిల్లా సగటు వాన ఏడాదికి దాదాపు 700 మిల్లీమీటర్లు. ఆ అంకె చెనిక్కాయ వేసే రైతుకు అక్కరకు రాదు, అతనికి అదనుకు పదునయ్యిందా లేదా అన్నదే ముఖ్యం. వంతెన కట్టేవాడికీ అంతే, అతనికి కావలసింది ఏడాదిలో అన్నిటికంటే పెద్దవాన. 1902 సెప్టెంబరులో మంగపట్నం దగ్గర వరదకు వంతెన కొట్టుకుపోయి మెయిలు బండి నీళ్ళలో పడింది. డెబ్బై మందికి పైగా పోయారు.

మన దేశంలో వరదకు పాత రికార్డులతో జవాబు వెతికినవాడు మహలనోబిస్. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నది పొంగితే, నది అడుగు పూడింది, కట్టలు ఎత్తు చేయాలి అన్నారు ఇంజనీర్లు. ఆయన దశాబ్దాల లెక్కలు తిరగేసి అడుగు పెరగలేదని, ఎగువన అసాధారణంగా వాన పడిందని తేల్చాడు. ఆ తర్వాత పెద్దవానల లెక్కకు ఒక పద్ధతి కుదిర్చినవాడు గంబెల్. జర్మనీలో రాజకీయ హత్యలను లెక్కగట్టి అచ్చు వేయించినందుకు పగబట్టించుకుని, 1932లో హైడెల్‌బర్గ్‌లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఫ్రాన్సుకు, అక్కడి నుంచి అమెరికాకు చేరి, 1958లో విపరీతాల గణాంకం మీద పుస్తకం రాశాడు. చచ్చినవాళ్ళను ఒక్కొక్కరినీ లెక్కపెట్టిన మనిషి అతను. అందుకే నాకు అతని మీద అంత గౌరవం.

పద్ధతి కష్టమేమీ కాదు. ఏడాదిలో పెద్ద అంకె ఒక్కటే ఉంచాలి. నలభై ఏళ్ళకు నలభై అంకెలు, పెద్దదాని నుంచి చిన్నదానికి వరుస. 41ని వరుస సంఖ్యతో భాగిస్తే ఎన్నేళ్ళకోసారి అంతటి వాన పడుతుందో వస్తుంది. గంబెల్ కాగితం మీద గుర్తులు పెడితే ఇంచుమించు ఒక గీత మీద పడతాయి. గీతను పొడిగిస్తే నూరేళ్ళ వాన తెలుస్తుంది. ఈసారి వచ్చింది గదా, ఇంక మనవళ్ళ కాలానికే అని ఊళ్ళో అనుకుంటారు. కానీ ఏ ఏడుకా ఏడు నూటికొక పాలు అవకాశం ఉంటూనే ఉంటుంది. ముప్పై ఏళ్ళు నిలిచే ఇంటికి ఆ గండం నూటికి ఇరవై ఆరు పాళ్ళు.

మెట్టసీమలో ఆ గీత నిటారుగా లేస్తుంది. మామూలు ఏడుకూ విపరీతమైన ఏడుకూ ఇక్కడ మరీ దూరం. పాపాఘ్ని ఏళ్ళ తరబడి ఇసుకగా పడుంటే, ఇక పారదులే అనుకుని ఏట్లోకి జరుగుతాం. 2009 అక్టోబరులో, 19 లక్షల క్యూసెక్కులకు కట్టిన శ్రీశైలానికి దాదాపు 25 లక్షలు వచ్చాయి, కర్నూలు మునిగింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్ళను ఊడ్చేసింది. ఆ రోజుల్లోనే కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కుంగి కూలింది.

మండలాలు వచ్చింది 1985లో. అంతకు ముందరి వాన అంకెలు పులివెందుల వంటి తాలూకా కచేరీల పుస్తకాల్లో ఉండేవి. అవి దొరికిన చోటల్లా కంప్యూటర్లోకి ఎక్కించి, మండలాల అంకెలతో కలపాలి. 2021ని కూడా చేర్చి గీత మళ్ళీ గీస్తే, నూరేళ్ళకోసారి అనుకున్న వాన ఇంకా తక్కువ ఏళ్ళకే పడేదిగా తేలవచ్చు. ఈ ఏర్ల మీద ఇకముందు కట్టే ప్రతి వంతెన ఎత్తునూ, ప్రతి మరవ వెడల్పునూ ఆ కొత్త గీత చూసే ఖాయం చేయాలి.