చౌక్‌లో నడిచేవాళ్లకు చోటు: చార్మినార్ అనుభవం, మన సెంటర్లకు పనికొచ్చేది

నాలుగు రోడ్లు కలిసే చోటును గుంటూరు, పల్నాడు వైపు సెంటర్ అంటాం. హైదరాబాద్‌లో చౌరస్తా అంటారు, ఉర్దూలో చౌక్. పేరు ఏదైనా అక్కడ జరిగే పని ఒకటి కాదు. బస్సు తిరగాలి, ఆటో ఆగాలి, పండ్ల బండి నిలబడాలి, స్కూలు పిల్లాడు సైకిల్ మీద దాటాలి, అసర్ నమాజ్‌కు బయల్దేరిన పెద్దాయన ప్రాణంతో అవతలికి చేరాలి. సెంటర్‌ను అభివృద్ధి చేస్తామన్నప్పుడు చాలాచోట్ల చేసేది మాత్రం రోడ్డు వెడల్పు, మధ్యలో ఒక ఫౌంటెన్. దాంతో బండ్ల వేగమూ పెరుగుతుంది, నడిచేవాళ్లు దాటాల్సిన దూరమూ పెరుగుతుంది.

ఇంకో రకంగా ఆలోచించిన ప్రయత్నం మనందరికీ తెలిసిన చోటే జరిగింది. అది చార్మినార్.

1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఈ కట్టడం నాలుగు దారులు కలిసే చోటే నిలబడింది. ఉత్తరాన గుల్జార్ హౌజ్, చార్ కమాన్. పడమర లాడ్ బజార్. నైరుతి వైపు మక్కా మస్జిద్. కాలం గడిచేకొద్దీ మినార్ల చుట్టూ బస్సులు, ఆటోలు తిరిగే రౌండ్ సర్కిల్‌గా మారిపోయింది. పొగ, దుమ్ము, అదురు అన్నీ ఆ పాత సున్నపు పని మీదే. 2019 మే నెలలో ఒక మినార్ నుంచి అలంకరణ ముక్క ఊడి పడింది. పాతకట్టడం గట్టితనానికి కారణాలు చాలా ఉంటాయి, ఆ ముక్క ట్రాఫిక్ వల్లే పడిందని చెప్పలేం. కానీ బండ్లను దూరం పెట్టాలన్న వాదనకు బలం వచ్చింది.

చార్మినార్ పాదచారుల పథకం ఆలోచన మాత్రం అంతకు రెండు దశాబ్దాల నాటిది. లెక్క సులువే: కట్టడం చుట్టూ గ్రానైట్ రాళ్లు పరిచి నడిచేవాళ్లకు వదిలేయాలి, బండ్లను లోపలి రింగు రోడ్డు, బయటి రింగు రోడ్డు మీదుగా మళ్లించాలి. రాళ్లు పరచడం కష్టం కాదు. అసలు చిక్కు ఆ రింగు రోడ్లే. వాటికి ఇళ్లు, దుకాణాల స్థలాలు సేకరించాలి, పాత బస్తీలో అది ఏళ్ల తరబడి సాగింది. బండికి వేరే దారి చూపించకుండా ఇక్కడికి రావద్దంటే అది పక్క గల్లీలో దూరుతుంది. చౌక్ బాగుపడి గల్లీ ఇరుక్కుంటుంది. అందుకే ఏ సెంటర్ ప్లాన్ వచ్చినా మొదట అడగాల్సింది, మళ్లించిన బండ్లు ఎక్కడికి పోతాయని.

ఢిల్లీలో ఎర్రకోట నుంచి ఫతేపురి మస్జిద్ దాకా ఉన్న చాందినీ చౌక్‌ను 2021లో ఇలాగే మార్చారు. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బండ్లకు ప్రవేశం లేదు, సైకిల్ రిక్షాలు తిరగొచ్చు. ఇది చార్మినార్ కంటే తెలివైన పద్ధతి అనిపిస్తుంది. దుకాణాలకు సరుకు రాత్రిపూట దింపుకోవచ్చు, నడవలేని ముసలివాళ్లు రిక్షా ఎక్కొచ్చు. అయితే కాపలా సడలితే బైకులు మళ్లీ దూరుతాయి. రాళ్లు పరిచినంత మాత్రాన పని పూర్తికాదు, అక్కడ రోజూ మనిషి ఉండాలి.

ఇక బండ్ల వ్యాపారులు. లాడ్ బజార్ మెరిసేది గాజుల వల్లే, కానీ రంజాన్ రాత్రుల్లో చౌక్ నిండేది తోపుడు బండ్లతో. సుందరీకరణ అనగానే మొదటి దెబ్బ వీళ్లకే, అందులో మనవాళ్లూ చాలామందే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణాల్లో సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. తరలించాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, వాళ్లను వ్యాపారులే ఎన్నుకోవాలి. మీ పట్టణంలో ఈ కమిటీ ఉందా, అందులో మీవాళ్లెవరున్నారో ముందే తెలుసుకోవడం మంచిది.

కొలతలు కూడా తెలిసి ఉండాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డం లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు. ట్రాన్స్‌ఫార్మర్, చెత్తకుండీ, కరెంటు స్తంభం ఆ లెక్కలోకి రావు. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడనుకుంటే 14 మీటర్ల రోడ్డు దాటడానికి దాదాపు 12 సెకన్లు పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న నానీమాకు అంతకంటే ఎక్కువే పడుతుంది. మధ్యలో ఆగి నిలబడే దిమ్మె ఉంటే దాటే దూరం సగమవుతుంది. వేగం సంగతి ఇంకా ముఖ్యం: కారు వేగం గంటకు 50 నుంచి 65 కిలోమీటర్లకు పెరిగితే దాని ముందుభాగం గుద్దిన పాదచారి చనిపోయే ప్రమాదం 4.5 రెట్లు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సెంటర్లో వేగం 30కి దిగితే సైకిల్‌కు వేరే ట్రాక్ లేకపోయినా చాలావరకు ఇబ్బంది ఉండదు. హైదరాబాద్ ఔటర్ పక్కన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ ఉంది, చూడటానికి బాగుంటుంది. బడికి వెళ్లే పిల్లాడికి కావలసింది అది కాదు.

నకరికల్లు సంగతి వేరు. ఇక్కడ అద్దంకి-నార్కెట్‌పల్లి హైవే మీద దూరప్రాంత లారీల వేగమూ, ఊరివాళ్ల నడకా ఒకేచోట కలుస్తాయి. హైవేను మూసేయలేం కాబట్టి చార్మినార్ పద్ధతి అచ్చంగా పనికిరాదు. పనికొచ్చేవి చిన్నవి: అడ్డరోడ్డుకు ముందే వేగం తగ్గించే ఏర్పాటు, దాటే చోట లైట్లు, మధ్యలో దిమ్మె, బస్సు కూడలి దాటాక ఆగేలా స్టాపు, ఆటోలకు, బండ్లకు గీత గీసిన స్థలం. మన వైపు నుంచి చేయాల్సిందీ ఒకటుంది. జుమా రోజు మస్జిద్ ముందు బైకులు రోడ్డు మీదికి రాకుండా కమిటీ చూసుకోవాలి. దారి హక్కు ఇవ్వమని, దారిలో అడ్డు తీయడం సదఖా అని హదీసులు చెప్పినవే.

ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు ఆర్టికల్ 21లో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది. అర్జీ పెట్టాలంటే నరసరావుపేట కలెక్టరేట్‌లో సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అర్జీతో పాటు టేపుతో కొలిచిన రోడ్డు వెడల్పు, ఫొటోలు, బడి వదిలే గంటలో ఎంతమంది దాటారో లెక్క రాసి జతచేయండి. ఒకే రోజు కాకుండా మామూలు రోజుది ఒకటి, జుమా రోజుది ఒకటి.