గుండ్రని పేక

పండుగనాడు పేక పట్టని ఇల్లు మనలో అరుదు. ఈ అచ్చుపేకకు ముందు మన దేశంలో చేతితో రంగులద్దిన గుండ్రని ముక్కలుండేవి. అదే గంజిఫా. 1527లో బాబరు సింధుకు ఒక జత పంపినట్లు తన ఆత్మకథలో వ్రాసుకొన్నాడు.

తరువాత దశావతార గంజిఫా వచ్చింది: అవతారానికి 12 చొప్పున 120 ముక్కలు. కొంకణంలోని సావంతవాడికి, మూడవ ఖేమ్ సావంతుని కాలంలో (1755-1803), దీనిని తెచ్చినవారు తెలంగ బ్రాహ్మణులేనని ప్రతీతి. గుడ్డకు చింతగింజల గంజి పట్టించి, బొమ్మ వ్రాసి, లక్క పూసేవారు. అచ్చుపేక చవకగా దొరకగా ఆ విద్య అడుగంటింది. 1970 ప్రాంతాల సావంతవాడి రాజకుటుంబం దానిని మళ్ళీ నిలబెట్టింది.

గుడ్డా, గంజీ భివండీ నేతవారికి కొత్తవి కావు. పిల్లలచేత ఇంటికొక జత చేయించుదాం. పందెంలో పోయిన కూలి తిరిగి రాదు. చేసుకొన్న పేక ఇంట నిలుస్తుంది.